అమ్మను చూపిస్తున్న క్లినిక్ మార్చాలా? (గుంటూరు, కొత్తపేట)

ప్రశ్న: తెనాలి దగ్గరి పల్లె నుంచి

నమస్కారం. మా అమ్మగారికి 67 ఏళ్లు. పదకొండేళ్లుగా షుగరు, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. కొత్తపేటలోని ఒక ఫిజీషియన్ గారి దగ్గరికి మూడు నెలలకోసారి తీసుకువెళుతున్నాను. మొదట్లో ఆయన నాడి పట్టి, పాదాలు నొక్కి చూసి, రాత్రిపూట ఏం తింటున్నారో అడిగి మరీ మందులు రాసేవారు. ఇప్పుడు ఉదయం ఎనిమిదింటికి టోకెను తీసుకుంటే మధ్యాహ్నం ఒంటిగంటకు గానీ పిలుపు రావడం లేదు. మెట్లెక్కి ఆయాసపడుతున్న మనిషిని అలాగే నిలబెట్టి, రవిక చేతి మీదే పట్టీ చుట్టి, బయటి కుర్రవాడు బీపీ చూసి చీటీ మీద అంకె వేస్తున్నాడు. లోపల డాక్టరుగారు ఆ చీటీ చూసి, "అవే వాడండమ్మా" అని రెండు నిమిషాల్లో పంపేస్తున్నారు. పాత కాగితాలన్నీ ఉన్న ప్లాస్టిక్ కవరు నా ఒడిలోనే ఉండిపోతోంది.

ఆయన మీద మాకు గౌరవం పోలేదు. మా నాన్నగారికి అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినప్పుడు ఫోనెత్తి ఏం చేయాలో చెప్పింది ఆయనే. అందుకే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. వైద్యం సరిగా అందుతోందో లేదో మాలాంటివాళ్లం ఎలా తెలుసుకోవాలి?

జవాబు: విశ్రాంత స్టాఫ్ నర్సు, గుంటూరు

అమ్మా, మీరు రాసిన వాటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఎదురుచూపు కాదు, బీపీ చూస్తున్న తీరు. కనీసం ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకు ఆనుడు ఇచ్చి, పాదాలు నేలకు ఆన్చి, చేయి గుండె ఎత్తులో ఉంచి, బట్ట తొలగించి, మాట్లాడించకుండా చూడాలి. మెట్లెక్కగానే చూస్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువగా రావచ్చు. దాన్నే నమ్మి మందు పెంచితే పెద్దవయసువారు తెల్లవారుజామున లేచేటప్పుడు కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంటుంది. "అయిదు నిమిషాలు కూర్చున్నాక చూడు బాబూ" అని ఆ కుర్రవాడితో మీరే చెప్పండి, అందులో తప్పేమీ లేదు.

ఇక ఆ కవరు ఇంట్లో ఒకసారి విప్పి చూడండి. హెచ్‌బీఏ1సీ పరీక్ష సుమారు మూడు నెలల సగటు చక్కెరను చెబుతుంది. దానితోపాటు గడిచిన ఏడాదిలో ఒక్కసారైనా క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష), మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్, కంటి వెనుక పొర పరీక్ష చేయించారా, పాదాల స్పర్శ చూశారా? ఇవి జరిగి ఉంటే, మాటలు తగ్గినా వైద్యం నడుస్తున్నట్టే. జరగకపోతే రెండు నిమిషాలైనా ఇరవై నిమిషాలైనా అది లోపమే.

ఇంకొక్క మాట. అమ్మగారు మోకాళ్ల నొప్పులకు వేరేచోట మాత్రలు వాడుతున్నారా? షుగరు, బీపీ ఉన్నవారు డైక్లోఫినాక్ వంటివి రోజుల తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఒక డాక్టరు రాసింది ఇంకొకరికి తెలియక జరిగే హాని నేను ఉద్యోగంలో చాలా చూశాను.

జవాబు: సూర్యారావుపేట, విజయవాడ

మా మామగారి విషయంలో మేము తొందరపడి మూడుచోట్లకు మార్చాం. ప్రతిచోటా పరీక్షలు మళ్లీ మొదటినుంచే చేశారు, ఏ మందు ఆయనకు పడదో చెప్పే పాత చీటీ ఒకటి మధ్యలో పోయింది. కాబట్టి మారేముందు మీ డాక్టరుగారినే సూటిగా అడగండి. మారక తప్పకపోతే కాగితాలన్నీ చేతికి తీసుకునే మారండి. 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ప్రకారం రోగి అడిగిన వైద్య రికార్డులను 72 గంటల్లో ఇవ్వాలి.

ప్రశ్న వేసినవారు, వారం తర్వాత

ఇద్దరికీ కృతజ్ఞతలు. నర్సమ్మగారూ, మీరు అనుమానించినట్టే అయింది. బియ్యం డబ్బా పక్కన సగం వాడిన నొప్పి మాత్రల అట్టలు రెండు దొరికాయి, ఊళ్లో ఆర్.ఎం.పి. ఇచ్చినవట. అమ్మ వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి, దానికి ఆ అట్టను పిన్ను చేసి డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చదివారు. నొప్పి మాత్రలు వెంటనే ఆపించి, క్రియాటినిన్‌కు రాసి, "ఈ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా" అని అమ్మను అడిగారు. అడిగేవారే లేకపోయారని నేను చెప్పాను. ఆయన కోప్పడలేదు, కవరు తీసుకుని పాత రిపోర్టులు ఒక్కొక్కటే తిరగేశారు. మూత్ర పరీక్ష చేయించి రెండేళ్లు దాటిందని అప్పుడే తేలింది.

బీపీ మాత్రం ఈసారీ నిలబెట్టే చూడబోతే, నేనే కుర్చీ లాగి అమ్మను కూర్చోబెట్టాను. రిపోర్టు రేపు వస్తుంది. అది చూశాకే మారాలో వద్దో తేల్చుకుంటాను.