ఇంట్లో రికార్డుల సాయంత్రం: హమ్, ఊళ, తెచ్చినవాళ్ళ రికార్డుల భద్రత

కొత్తముల్లు (ప్రశ్న)

నమస్కారం అండి. మా ఇంట్లో పన్నెండు మందితో ఒక సంగీత సాయంత్రం అనుకుంటున్నాం. సగం ఇంటివాళ్ళ కచేరీ: ఒక గాత్రం, ఒక వయొలిన్, పిల్లల కీబోర్డు. మిగతా సగం రికార్డులు. వచ్చేవాళ్ళు తలా ఒకటి తెచ్చి, అదంటే ఎందుకు ఇష్టమో రెండు మాటలు చెప్పి వినిపిస్తారు. ఎక్కువగా ఎల్‌పీలు (నిమిషానికి 33 చుట్లు తిరిగే పెద్ద రికార్డులు), కొన్ని 45లు, రెండు మూడు పాత 78లు (ఈ అంకెలు కూడా నిమిషానికి చుట్లే) వస్తాయి.

సామాను ఇది: మూడు స్పీడుల బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్, మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికని అయస్కాంతంతో విద్యుత్తుగా మార్చే చిన్న డబ్బీ), ఫోనో ఇన్‌పుట్ (టర్న్‌టేబుల్ కోసమే ఉండే ఇన్‌పుట్) ఉన్న యాంప్, రెండు చిన్న స్పీకర్లు. అన్నీ ఒకే చెక్కబల్ల మీద ఉన్నాయి.

ఇబ్బందులు రెండు. వాల్యూమ్ కాస్త పెంచగానే వెనక "మ్‌మ్" అని హమ్ వస్తోంది. సగం దాటితే బేస్‌లో ఊళ మొదలై ముల్లు తీసేదాకా ఆగదు. భయం ఒకటి: వేరేవాళ్ళు ప్రాణంగా చూసుకునే రికార్డు మా ముల్లు కింద పాడవకూడదు. ముందు కచేరీ పెట్టాలా, రికార్డులా? టైం ఎలా పంచుకోవాలి?


నల్లచక్రం

మీ భయం సరైనదే. అక్కడినుంచే మొదలుపెడదాం, ఎందుకంటే హమ్ వస్తే వినేవాళ్ళకు చిరాకు మాత్రమే. ముల్లు తప్పుగా ఉంటే రికార్డుకు పడిన దెబ్బ మళ్ళీ మానదు.

ముల్లు ఎన్ని గంటలు తిరిగిందో మీకు తెలియకపోతే కొత్తది వేయండి. అరిగిన ముల్లు కొన గుండ్రదనం పోయి రెండు పక్కలా చదునవుతుంది. ఆ అంచులు గాడి గోడల్ని చెక్కుతాయి. వినడానికి ముందుగా తెలిసేది "స", "ష" అక్షరాల్లో. గాత్రంలో అవి ఉమ్మేసినట్టు వినిపిస్తే, అదీ రికార్డు లోపలి వైపుకు వెళ్ళేకొద్దీ ఎక్కువైతే, ముల్లుని అనుమానించండి.

తర్వాత బరువు, అంటే ముల్లు గాడిని ఎంత ఒత్తుతోందో. ఎల్‌పీ వాయించే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లు చాలావరకు 1.5 నుంచి 2.5 గ్రాముల మధ్య అడుగుతాయి. మీదానికి ఎంతో దాని కాగితంలో ఉంటుంది. పెట్టే పద్ధతి: యాంటీ స్కేటింగ్ (ముల్లు రికార్డు మధ్యకి లాగుకుపోకుండా ఆపే అమరిక) సున్నా చేసి, ముల్లు తొడుగు తీసి, టోన్‌ఆర్మ్ (ముల్లుని మోసే చేయి) గాలిలో అడ్డంగా తేలేదాకా వెనక బరువు తిప్పండి. అలా తేలినప్పుడు బరువుని కదపకుండా అంకెల చక్రాన్ని మాత్రం సున్నాకి తెండి. ఇప్పుడు రెండూ కలిపి తిప్పి కావలసిన అంకె దగ్గర ఆపండి. యాంటీ స్కేటింగ్ కూడా అదే అంకెకి పెట్టండి. అంకెల చక్రం కచ్చితంగా ఉండదు, కాబట్టి 0.01 గ్రాము చూపించే చిన్న ముల్లు కాటా ఉంటే తూచి చూడండి.

చాలామంది రికార్డు మీద జాలిపడి బరువు తగ్గిస్తారు. అది తప్పు. బరువు చాలకపోతే గట్టిగా వచ్చే స్వరం దగ్గర ముల్లు గోడని వదిలేసి మళ్ళీ వచ్చి గుద్దుకుంటుంది. నిదానంగా ఒత్తే బరువుకన్నా ఆ గుద్దుడే గాడిని ఎక్కువ పాడు చేస్తుంది. చెప్పిన పరిధిలో మధ్యకన్నా ఒక పిసరు పైన పెట్టుకోండి.

ఇక ఊళ. స్పీకరు బల్లని కదుపుతోంది, బల్ల టర్న్‌టేబుల్‌ని, టర్న్‌టేబుల్ ముల్లుని. ముల్లు ఆ కదలికనే మళ్ళీ స్పీకరుకి పంపుతోంది. అది గిరగిరా తిరిగి పెరుగుతూ పోతుంది. యాంప్ మార్చినా కేబుల్ మార్చినా ఇది పోదు. స్పీకర్లని ఆ బల్ల మీంచి దింపాలి, అంతే. వేరే స్టాండ్ల మీద, టర్న్‌టేబుల్‌కి కనీసం మీటరున్నర దూరంలో పెట్టండి. గది మూల బేస్‌ని పెంచుతుంది, కాబట్టి టర్న్‌టేబుల్‌ని మూలలో పెట్టకండి. నేల చెక్కదైతే జనం నడిచినప్పుడు కూడా ముల్లు ఎగురుతుంది. అప్పుడు గోడకు బిగించిన అర మంచిది. బరువైన రాతిపలక ఒకటి రబ్బరు ముక్కల మీద వేసి దానిపైన టర్న్‌టేబుల్ పెట్టినా బాగా తగ్గుతుంది.

సరిచేశాక పరీక్ష: ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్ళెం) ఆపి ఉంచి, మీదే అయిన ఒక పాత రికార్డు మీద ముల్లు దించండి. వాల్యూమ్ మెల్లగా ఆ సాయంత్రం వినే స్థాయికి పెంచండి. వేలి కణుపుతో బల్లని తట్టండి. "టప్" అని వచ్చి ఆగిపోతే సరే. "టప్‌ప్‌వూఁ" అని సాగితే కదలిక ముల్లుకి చేరే దారి ఇంకా ఉంది, వాల్యూమ్ వెంటనే తగ్గించండి.

హమ్‌కి ముందు టర్న్‌టేబుల్ వెనక నుంచి వచ్చే సన్నని ఎర్త్ వైరు యాంప్ వెనక మరకి బిగించి ఉందో లేదో చూడండి. ఉన్నా హమ్ వస్తుంటే, రికార్డు లేకుండా టోన్‌ఆర్మ్‌ని చేత్తో పట్టుకుని ప్లాటర్ పైన గాలిలో అటూ ఇటూ జరపండి. జరుపుతుంటే హమ్ పెరిగి తరిగితే, యాంప్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం కార్ట్రిడ్జ్‌లోకి దూరుతోందన్నమాట. యాంప్‌ని పక్కకి జరపడమే మందు. అరమీటరు జరిపినా తేడా తెలుస్తుంది. జరిపినా మారకపోతే యాంప్‌కి తగిలించిన టీవీ, కంప్యూటర్ కేబుళ్ళు ఒక్కొక్కటే తీసి చూడండి. ఎర్త్ రెండు దారుల్లో వెళ్తే కూడా ఇదే మోత. హమ్ పోవడం కోసం ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎన్నడూ తీసేయకండి.

ఇంకొకటి. మీ టర్న్‌టేబుల్‌లోనే ఫోనో ప్రీయాంప్ (కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచి సరిచేసే భాగం) ఉంటే, అది ఆన్‌లో ఉండగా యాంప్ ఫోనో ఇన్‌పుట్‌కి ఇవ్వకండి. బేస్ బొంగురుపోయి పగిలిపోతుంది. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు, ప్రీయాంప్ దాన్ని తిప్పి సరిచేస్తుంది. రెండుసార్లు సరిచేస్తే పాట పాటగా ఉండదు. ఒక్కసారి కూడా సరిచేయకపోతే పీలగా, చాలా చిన్నగా వినిపిస్తుంది.


లక్కపలక

78ల గురించి ఎవరూ చెప్పకముందే ఒక మాట: దయచేసి ఎల్‌పీ ముల్లుతో వాటిని వాయించకండి. ఎల్‌పీ ముల్లు కొన సుమారు 18 మైక్రాన్ల వ్యాసార్ధం. 78 గాడికి కావలసింది సుమారు 75 మైక్రాన్లు. చిన్న ముల్లు పెద్ద గాడి అడుగున, పోగైన దుమ్ములో దొర్లుతుంది. వచ్చేదంతా గరగర. ముల్లు కూడా దెబ్బతింటుంది. పెద్ద ముల్లు ఎల్‌పీ మీద పెడితే ఎల్‌పీ గాడి పోతుంది.

మూవింగ్ మాగ్నెట్ అన్నారు కాబట్టి అదృష్టం. చాలా రకాలకు 78 ముల్లు విడిగా దొరుకుతుంది. పాత ముల్లు ముందుకి లాగేసి ఇది తొడిగితే చాలు. బరువు మాత్రం మళ్ళీ పెట్టాలి, ఇవి 3 నుంచి 5 గ్రాముల దాకా అడుగుతాయి. అందుకే 78లన్నీ వరసగా ఒకేచోట పెట్టుకోండి. ఒక ఎల్‌పీ, ఒక 78, మళ్ళీ ఎల్‌పీ అంటే ప్రతిసారీ బరువు మార్చాలి. ఆ హడావిడిలో 4 గ్రాములతో ఎల్‌పీ వాయించేస్తారు.

యాంప్‌లో మోనో మీట ఉంటే 78లకు నొక్కండి. దాదాపు అన్నిట్లో సంగీతం గాడిలో పక్కలకు ఊగే కదలికలోనే ఉంటుంది. స్టీరియో కార్ట్రిడ్జ్ పైకీ కిందకీ కదిలే చప్పుడు కూడా పట్టుకుంటుంది. మోనో చేస్తే ఆ పైకీకిందకీ చప్పుడు చాలావరకు రద్దవుతుంది. తేడా మొదటి క్షణంలోనే తెలుస్తుంది, గదిలో అందరూ తలెత్తుతారు.

పాతవాటిలో "78" అన్న అంకెని నమ్మకండి. ముఖ్యంగా 1920లకు ముందువి 70 నుంచి 80 పైదాకా రకరకాల వేగాల్లో రికార్డయ్యాయి. వేగం 6 శాతం తేడా ఉంటే శ్రుతి ఒక అర స్వరం జరుగుతుంది. గాత్రం చిన్నపిల్లల గొంతులా ఉంటే స్పీడు ఎక్కువైనట్టు. పిచ్ మీట ఉంటే ముందురోజే సరిచూసి, ఎంత తగ్గించాలో ఆ రికార్డు కవరు మీద పెన్సిల్‌తో కూడా రాయకుండా, వేరే చీటీ మీద రాసుకోండి.

శుభ్రం చేయడానికి ఆల్కహాల్ ఉన్న ద్రవం ఏదీ వాడకండి. పాత 78లు లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో లక్క కరుగుతుంది. ఒక్కసారి తుడిస్తే మెరుపుతో పాటు గాడి కూడా పోతుంది. డిస్టిల్డ్ వాటర్ కొద్దిగా అద్దిన మెత్తని గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవండి, లేబుల్‌కి తడి తగలనివ్వకండి, వెంటనే ఆరబెట్టండి. చేతిలోంచి జారితే మాత్రం గాజుపళ్ళెమే అనుకోండి. రెండు చేతులతో అంచుల దగ్గర పట్టుకోవాలి.


కొత్తముల్లు

స్పీకర్లు దింపాను, ఊళ పూర్తిగా పోయింది. బల్ల తట్టి చూస్తే "టప్", అంతే. యాంప్ జరిపాక హమ్ కూడా తగ్గింది. కానీ ఎడమ స్పీకర్లో మాత్రం ఇంకా ఉంది. కుడి నిశ్శబ్దంగా ఉంది.


నల్లచక్రం

ఒకే వైపు అంటే ఇందాకటి టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు గొడవ కాకపోవచ్చు, ఎక్కడో ఒక కొస వదులైంది. యాంప్ ఆపి, టర్న్‌టేబుల్ కేబుల్ రెండు పిన్నులూ యాంప్ వెనక అటుది ఇటు, ఇటుది అటు మార్చండి. హమ్ కుడి స్పీకరుకి మారితే తప్పు కేబుల్లోనో కార్ట్రిడ్జ్‌లోనో ఉంది. ఎడమవైపే ఉండిపోతే యాంప్‌లో.

మారితే కార్ట్రిడ్జ్ వెనక నాలుగు సన్న వైర్లు చూడండి. తెలుపు ఎడమ, నీలం ఎడమ ఎర్త్, ఎరుపు కుడి, ఆకుపచ్చ కుడి ఎర్త్. మీ విషయంలో నీలం మీద అనుమానం. వైరుని పట్టి లాగకండి, జుట్టంత సన్నం, తెగుతుంది. దాని కొసనున్న లోహపు గొట్టాన్ని చిన్న పట్టకారుతో పట్టుకుని మెల్లగా తీసి మళ్ళీ తొడగండి. తరచుగా పిన్ను మీద పేరుకున్న మకిలి ఆ ఒక్క తొడుగుడికే గీసుకుపోయి సరైపోతుంది.


తంబురశ్రుతి

కచేరీ ముందు, రికార్డులు తర్వాత. నాకు ఇందులో రెండో మాట లేదు. గంటసేపు స్పీకర్లు విన్న చెవికి మైకు లేని వయొలిన్ చప్పగా అనిపిస్తుంది. పైగా పిల్లలు అప్పటికి అలిసిపోతారు. పిల్లల కీబోర్డు అన్నిటికన్నా ముందు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు మించకుండా.

పన్నెండు మందికి గాత్రానికీ వయొలిన్‌కీ మైకు అక్కర్లేదు. కీబోర్డు వాల్యూమే గాత్రానికి తగ్గట్టు దించండి, పిల్లలు పెంచుతారు కాబట్టి సరిపడ్డ చోట చిన్న టేపు అంటించండి. కీబోర్డు శ్రుతి మారదు, వయొలిన్‌ని దానికే కలపాలి. వయొలిన్‌ని అరగంట ముందే ఆ గదిలో పెట్టె తెరిచి ఉంచండి. గది వేడికి, చల్లదనానికి కట్టె, తీగలు సర్దుకున్నాక కలిపితేనే శ్రుతి నిలుస్తుంది.

మైకు తప్పదనుకుంటే దాన్ని రికార్డుల యాంప్‌కి కలపకండి. మైకు ఒక్కసారి కీచుమంటే ఆ స్పీకర్ల ట్వీటర్లు (సన్నని స్వరాలు పలికే చిన్న భాగాలు) కాలిపోవచ్చు. విడిగా పవర్డ్ స్పీకరు ఒకటి, అది పాడేవాళ్ళకన్నా ముందుకి, శ్రోతల వైపు తిరిగి ఉండాలి. మైకు వీపు స్పీకరు వైపు. బ్లూటూత్ స్పీకరుకి మైకు పెట్టకండి: గొంతు ఆలస్యంగా తిరిగొస్తుంది, పాడేవాళ్ళ తాళం తప్పుతుంది. రికార్డు వినడానికైతే ఆ ఆలస్యం లెక్కలోకి రాదు.

టైం లెక్క: ఎల్‌పీ ఒక వైపు ఇరవై నిమిషాలు. పన్నెండు మంది తలా ఒక వైపు అంటే నాలుగు గంటలు, ఎవరూ కూర్చోలేరు. తలా ఒక పాట, నాలుగైదు నిమిషాలు. చెప్పడానికి ఒకటి, మార్చడానికి ఒకటి. ఏడు పన్నెండ్లు ఎనభై నాలుగు నిమిషాలు. మధ్యలో ఒక విరామం. ఏ పాటో, ఏ వైపు ఎన్నోదో ముందే చీటీ మీద రాయించుకుని వరస కట్టండి.


నల్లచక్రం

దానికి ఒకటి కలుపుతాను. టర్న్‌టేబుల్ దగ్గర ఒక్కరే ఉండాలి, సాయంత్రం మొత్తం. రికార్డు తెచ్చినవాళ్ళు కవరులోంచి తీసి ఇస్తారు, పెట్టడం, తీయడం ఆ ఒక్కరిదే. ఎవరి టర్న్‌టేబుల్ చేయి వాళ్ళకే అలవాటు.

ఒక చిన్న దీపం టోన్‌ఆర్మ్ పక్కన, ఏటవాలుగా. పై దీపంలో పాటల మధ్య నున్నటి పట్టీ కనబడదు, ఏటవాలు వెలుగులో మెరుస్తుంది. వాల్యూమ్ దించి, మీటతోనే ముల్లు ఆ పట్టీ మీదకి దించి, అప్పుడు పెంచండి. 45లు సాధారణంగా గట్టిగా కోసి ఉంటాయి, ఎల్‌పీ తర్వాత వేస్తే అందరూ ఉలిక్కిపడతారు. ముందే తగ్గించి పెట్టుకోండి.

లేబుల్ మీద నడిమి కన్నం చుట్టూ సన్నని గీతలు చూశారా? కన్నం కోసం చూడకుండా తడిమిన ప్రతిసారీ ఒక గీత. రికార్డుని కళ్ళతో చూస్తూ మధ్య కడ్డీకి నేరుగా దించితే ఒక్కటి కూడా పడదు. తెచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి ముందు చూసుకునేది అదే.

ప్రతి రికార్డుకీ ముందు కార్బన్ ఫైబర్ బ్రష్ రెండు చుట్లు, తిరుగుతుండగా తేలికగా ఆనించాలి. మూడు నాలుగు రికార్డులకోసారి ముల్లు కొన చూడండి. బూడిదరంగు పోగు వేలాడుతుంటే ముల్లు బ్రష్‌తో వెనక నుంచి ముందుకి మాత్రమే తుడవాలి. పక్కకి తుడిస్తే ముల్లుని పట్టుకునే సన్న కడ్డీ వంగుతుంది. వంకరపోయిన రికార్డు ఎవరైనా తెస్తే, టోన్‌ఆర్మ్ దానితో పాటు నెమ్మదిగా ఎగిరి దిగుతుంటే ఫర్వాలేదు. ముల్లు గాలిలోకి లేస్తుంటే వాయించకండి, బతిమాలినా సరే.


కొత్తముల్లు

నీలం వైరే అండి. తీసి తొడిగాను, ఎడమవైపు హమ్ పోయింది. 78 ముల్లు, కార్బన్ బ్రష్ చూసుకుంటున్నాను. ఒక్క సందేహం: విరామంలో తెచ్చిన రికార్డులు ఎక్కడ పెట్టమంటారు? సోఫా మీద అందరూ పేరుస్తారేమో.


లక్కపలక

ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకండి, 78లైతే కింది దానికి పగులు వస్తుంది. వాటిని, ఎల్‌పీలని విడివిడిగా, ఒక పెట్టెలో నిటారుగా, వాలిపోకుండా నిండుగా పెట్టండి. యాంప్ పైన వద్దు, వేడికి వంగుతాయి. కిటికీ ఎండ కూడా అంతే. వాయించడం అవగానే కవరులోకి, కవరు నోరు పైకి తిప్పి పెట్టెలోకి.