లాగిన్ అయింది, డేటా తెరుచుకోవట్లేదు: ప్రాజెక్టు నమోదులో ఏం రాయాలి?

కొత్త పోస్ట్‌డాక్:
నమస్కారమండీ. మా ల్యాబ్‌కి ఒక పెద్ద జీనోమ్ డేటా ప్లాట్‌ఫామ్‌లో యాక్సెస్ ఉంది. ట్రైనింగ్ అయింది, సంతకాలు అయ్యాయి, లాగిన్ కూడా వచ్చింది. తీరా లోపలికెళ్తే ముందు ప్రాజెక్టు నమోదు చేయమంటోంది. నా పని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి (హెచ్‌సీఎం, గుండె కండరం మందంగా మారే జబ్బు) ఉన్నవాళ్లలో అరుదైన వేరియంట్ల (జన్యు మార్పుల) మీద. మా సార్ పేరు మీద ‘గుండె జబ్బుల జన్యుశాస్త్రం’ అని ఇప్పటికే ఒక ప్రాజెక్టు ఉంది. దాని కిందే నేనూ మొదలుపెట్టేస్తే సరిపోదా? విడిగా పెట్టాలంటే ఫారంలో ‘సామాన్యులకు అర్థమయ్యే సారాంశం’ అని ఒక పెట్టె ఉంది. మూడు రోజులుగా అక్కడే ఆగిపోయాను. ఇంకొకటి: వేరే యూనివర్సిటీలో ఉన్న స్నేహితురాలు స్టాటిస్టిక్స్‌లో సాయం చేస్తానంది. ఆమెకి ఫైళ్లు ఎలా పంపాలి?

పైప్‌లైన్ పంతులు:
చివరి ప్రశ్నకి ముందు జవాబు, ఎందుకంటే కొంప మునిగేది అక్కడే. ఫైళ్లు పంపకూడదు. ఒక్కటి కూడా. డేటా కదలదు, మనమే దాని దగ్గరికి వెళ్లి పనిచేసుకుని వస్తాం. జీనోమిక్స్ ఇంగ్లండ్ రీసెర్చ్ ఎన్విరాన్‌మెంట్ అయినా, అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్ల ‘ఆల్ ఆఫ్ అస్’ అయినా పద్ధతి ఇదే. మీ స్నేహితురాలు తన సంస్థ ఒప్పందంతో, తన ట్రైనింగ్‌తో, తన సొంత లాగిన్‌తో మీ ప్రాజెక్టులో సభ్యురాలిగా చేరాలి. స్క్రీన్ షేర్ చేసి ‘ఊరికే చూడు’ అనడం కూడా వద్దు. ఒక్కో మనిషి వివరాలున్న వరుసలు ఆమె కంటపడితే అదీ బయటికి ఇచ్చినట్టే.

ఇక సార్ ప్రాజెక్టు. టైటిల్ చూసి మోసపోకండి, లోపలి వివరణ తెరిచి చదవండి. అందులో మీ జబ్బు, మీ ప్రశ్న, మీరు చేయబోయే విశ్లేషణ ఉన్నాయనుకోండి, సభ్యుడిగా చేరిపోతే చాలు. లేకపోతే సార్‌తో దానికి సవరణ పెట్టించాలి, లేదా మీరు కొత్తది నమోదు చేయాలి. ‘గుండె జబ్బులు’ అంటే అన్నీ వచ్చేస్తాయి కదా అని ఈ రోజు అనిపిస్తుంది. పేపర్ రాశాక, ఈ పని ఏ ప్రాజెక్టు కింద చేశారని అడిగినప్పుడు అనిపించదు.

మీది యూకే బయోబ్యాంక్ అనే బ్రిటన్ డేటా ప్లాట్‌ఫామ్ అయితే ఇంకో చిక్కుంది. అక్కడ ఒక్కో ప్రాజెక్టుకీ పాల్గొన్నవాళ్ల ఐడీలు వేరుగా ఇస్తారు. ఒకే మనిషికి సార్ ప్రాజెక్టులో ఒక నంబరు, మీ ప్రాజెక్టులో ఇంకో నంబరు. తెలియక రెండు టేబుళ్లనీ ఐడీ మీద కలిపితే ఎర్రర్ రాకపోవచ్చు కూడా. ఒకరి జీనోమ్‌కి ఇంకొకరి బీపీ అతుక్కుని కూర్చుంటుంది.

కంట్రోల్ శాంపిల్:
సారాంశం పెట్టె సంగతి నాకు వదిలేయండి. మీరు రాసింది ఉంటే ఇక్కడ పెట్టండి.

కొత్త పోస్ట్‌డాక్:
ఇదిగోండి: ‘హెచ్‌సీఎం ఫినోటైప్‌లో సార్కోమియర్, నాన్-సార్కోమియర్ జన్యువుల అరుదైన వేరియంట్ బర్డెన్‌ను కేస్-కంట్రోల్ పద్ధతిలో అంచనా వేయడం.’

కంట్రోల్ శాంపిల్:
ఇది రివ్యూయర్‌కి రాసినట్టుంది. నేనూ మొదటిసారి ఇలాగే రాసి వెనక్కి తెచ్చుకున్నాను. చదివేది ఎవరో ముందు గుర్తుపెట్టుకోండి. ‘ఆల్ ఆఫ్ అస్’లో మీరు రాసిన ప్రాజెక్టు వివరణ అందరికీ కనబడే డైరెక్టరీలోకి వెళ్తుంది. రక్తం ఇచ్చిన మనిషి దాన్ని తెరిచి, నా డేటాతో వీళ్లు ఏం చేస్తున్నారో చూసుకోవచ్చు. ఆయనకి చెబుతున్నట్టు రాయండి. నేనైతే ఇలా రాస్తాను:

‘గుండె కండరం మందంగా మారే ఒక జబ్బు కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. కొందరిలో దానికి కారణమైన జన్యు మార్పు దొరుకుతుంది, చాలామందిలో దొరకదు. ఆ జబ్బు ఉన్నవాళ్ల జన్యువుల్ని లేనివాళ్ల జన్యువులతో పోల్చి, ఉన్నవాళ్లలోనే ఎక్కువగా కనబడే అరుదైన మార్పుల కోసం వెతుకుతాం. అవి దొరికితే, ఇంట్లో మిగతావాళ్లకి జబ్బు ముదరకముందే పరీక్ష చేసే వీలు కలగవచ్చు.’

ఎంవైహెచ్7, ఎంవైబీపీసీ3 లాంటి జన్యువుల పేర్లన్నీ కింద శాస్త్రీయ వివరణ పెట్టెలో పెట్టండి. అక్కడ మొహమాటపడక్కర్లేదు. కానీ ఒక్క మాట: ప్రశ్న బిగించి రాయండి, పద్ధతి కాస్త వదులుగా రాయండి. ఫలానా సాఫ్ట్‌వేర్, ఫలానా వెర్షన్ అని రాస్తే రేపు టూల్ మార్చినప్పుడల్లా సవరణ పెట్టాలా అన్న టెన్షన్. ‘జన్యువు వారీగా అరుదైన వేరియంట్ల పోలిక’ అంటే సరిపోతుంది.

పైప్‌లైన్ పంతులు:
‘లేనివాళ్ల జన్యువులతో’ అన్నారు కదా, ఆ లేనివాళ్లు, అంటే మీ కంట్రోల్స్, ఎక్కడి నుంచి వస్తారో కూడా రాయాలి. చాలామంది తడబడేది ఇక్కడే. అదే ప్లాట్‌ఫామ్‌లోని వాళ్లయితే ఇబ్బంది తక్కువ. ఎన్‌ఐహెచ్ వాళ్ల జన్యు డేటా భాండారం డీబీగ్యాప్ నుంచి కంట్రోల్స్ తెచ్చుకుంటానంటే మాత్రం ఒక్కో డేటాసెట్‌కీ సమ్మతి పరిధి చూసుకోవాలి. కొన్నింటిని ఏ పరిశోధనకైనా వాడుకోవచ్చు, కొన్నింటిని ఆరోగ్య, వైద్య పరిశోధనకి మాత్రమే. కొన్ని ఫలానా జబ్బు మీద పనికే పరిమితం. మధుమేహ పరిశోధనకి మాత్రమే అని సంతకం చేసిన మనిషిని మీరు గుండె జబ్బుకి కంట్రోల్‌గా వాడుకోలేరు, ఆయన ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే. పైగా బయటి డేటాని లోపలికి తేవడానికి ఇటు ప్లాట్‌ఫామ్ అనుమతి, అటు డేటా ఇచ్చినవాళ్ల అనుమతి రెండూ కావాలి. ఆ సంగతి నమోదులోనే చెబితే తర్వాత తిప్పలు తప్పుతాయి.

కొత్త పోస్ట్‌డాక్:
ఇంత ఉందనుకోలేదు. మరి ఫలితాలు తీసుకెళ్లడం ఎలా? టేబుళ్లు, ఫ్రీక్వెన్సీలు మాత్రమే కదా. అందులో ఎవరి పేరూ ఉండదు.

పైప్‌లైన్ పంతులు:
2008 దాకా ఎన్‌ఐహెచ్ కూడా అలాగే అనుకుంది. ఆ ఏడాది వచ్చిన ఒక పరిశోధన, ఒక మనిషి జన్యు వివరాలు మన చేతిలో ఉంటే, ఆ మనిషి ఒక సమూహంలో ఉన్నాడో లేడో ఆ సమూహం సగటు ఫ్రీక్వెన్సీల నుంచే తేల్చవచ్చని చూపించింది. సమూహం మొత్తం ఒక జబ్బు రోగులదైతే, ఇక ఆయన జబ్బు బయటపడ్డట్టే. దాంతో అప్పటిదాకా అందరికీ తెరిచి ఉంచిన ఫ్రీక్వెన్సీ డేటాని ఎన్‌ఐహెచ్ వెనక్కి తీసుకుంది. అందుకే ఇప్పుడు బయటికి పోయే ప్రతిదానికీ నియమాలు. జీనోమిక్స్ ఇంగ్లండ్‌లో ఫలితాలు ‘ఎయిర్‌లాక్’ అనే తనిఖీ దాటాలి.

‘ఆల్ ఆఫ్ అస్’ నియమం ఇంకా సూటిగా ఉంటుంది: 1 నుంచి 20 దాకా మనుషుల సంఖ్య ఏదీ బయట కనబడకూడదు. గడిలో ‘20 లేదా అంతకంటే తక్కువ’ అని రాసేస్తే అయిపోయిందనుకుంటారు. కాదు. మీ టేబుల్‌లో మొత్తం 131, వేరియంట్ లేనివాళ్లు 118, ఉన్నవాళ్ల గడిలో ముసుగు. ఆ ముసుగు వెనక 13 ఉందని చదివేవాళ్లు తీసివేత చేసి చెప్పేస్తారు. శాతాలతోనూ ఇదే తంటా. కాబట్టి ఇంకో గడిని కూడా దాచాలి, లేదా వర్గాల్ని కలిపేయాలి. మీది అరుదైన వేరియంట్ల పని కాబట్టి మీ టేబుళ్లలో సగం గడులు ఇలాగే ఉంటాయి. ఇప్పటి నుంచే జన్యువు వారీగా కలిపి చూపించడం అలవాటు చేసుకోండి.

కంట్రోల్ శాంపిల్:
ఇంకొకటి, ఇది ఫారంలో ఉండదు. పాల్గొన్నవాళ్లు మధ్యలో తప్పుకోవచ్చు. యూకే బయోబ్యాంక్ తప్పుకున్నవాళ్ల ఐడీల జాబితా పంపుతుంది. దాన్ని ప్రాజెక్టు లీడ్ ఇన్‌బాక్స్‌లో వదిలేస్తే కుదరదు, మీ శాంపిల్ జాబితా నుంచి ఆ ఐడీలన్నీ తీసేయాలి. నా స్క్రిప్టులో మొదటి లైనే ఆ ఫైలు చదివి తీసేసేది. ఒకసారి మర్చిపోయి, పేపర్ పంపే ముందు రోజు రాత్రి మొత్తం మళ్లీ నడిపాను.

కొత్త పోస్ట్‌డాక్:
సార్ ప్రాజెక్టు వివరణ చదివాను. అందులో కరోనరీ (గుండె రక్తనాళాల) జబ్బు తప్ప ఇంకేం లేదు. కొత్తదే పెడుతున్నాను. టైటిల్: ‘హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, తదితర గుండె కండర వ్యాధుల్లో అరుదైన జన్యు మార్పులు’. కంట్రోల్స్ ఈ ప్లాట్‌ఫామ్‌లోని వాళ్లే. స్నేహితురాలి సంస్థకి ఒప్పందం ఉందట, ఆమె ట్రైనింగ్ ఈ వారం చేస్తుంది. పంపేయమంటారా?

పైప్‌లైన్ పంతులు:
‘తదితర’ తీసేయండి. ఏ వ్యాధులో పేర్లు రాయండి, లేదా ఒక్కదానితోనే ఆపండి. తర్వాత పంపేయండి. ఆమోదం వచ్చేదాకా కోహోర్ట్ బ్రౌజర్‌లో (ఏ జబ్బు వాళ్లు ఎంతమంది ఉన్నారో చూపించే పేజీలో) ఊరికే లెక్కలు చూస్తూ కూర్చోవడం కూడా వద్దు.

కొత్త పోస్ట్‌డాక్:
తీసేశాను. పంపాను. ఆ బ్రౌజర్ ట్యాబ్ కూడా మూసేశానండీ.