బంగారు పురుగు ఫోటోల్లో ఫ్లాష్ మెరుపు, స్టాకింగ్‌లో మీసాల చుట్టూ మసక: ఏం చేయాలి?

వానలు పడ్డాక మా ఊరి తుమ్మ చెట్ల మీదికి బంగారు పురుగులు వచ్చాయి, చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకునేవాళ్ళం చూడండి, అవే. 100 ఎంఎం మాక్రో లెన్స్‌తో 1:1లో (పురుగు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేలా) తీస్తున్నాను. ఆ ఆకుపచ్చ వీపు అద్దంలా ఉంటుంది కదా, ఫ్లాష్ పడితే చాలు నడిమధ్యలో తెల్లటి మచ్చ, రంగు మొత్తం పోతోంది. ఫ్లాష్ ముందు డిఫ్యూజర్‌గా (వెలుగుని మెత్తబరిచే తెరగా) ట్రేసింగ్ పేపర్ ఒక పొర కట్టాను, మచ్చ కాస్త పెద్దదైంది తప్ప పోలేదు. డిఫ్యూజర్ ఇంకా పెద్దది చేసి పురుగుకి దగ్గరగా వంచాలా, లేక పేపర్‌కీ ఫ్లాష్‌కీ మధ్య దూరం పెంచాలా?

రెండోది స్టాకింగ్, అంటే ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫ్రేములన్నీ కలిపి ఒకే పదునైన ఫోటో చేయడం. ఎఫ్/8లో ఒక్క ఫ్రేమ్‌లో మిల్లీమీటరు కూడా ఫోకస్‌లో ఉండట్లేదు, ఎఫ్/16 పెడితే డిఫ్రాక్షన్ (లెన్స్ రంధ్రం చిన్నదై వెలుగు చెదరడం) వల్ల మొత్తం మెత్తబడుతోంది. అందుకని పొద్దున్నే, అవి ఇంకా చలికి బిగుసుకుని ఉన్నప్పుడు, ఎఫ్/5.6లో ఊపిరి బిగబట్టి చేత్తోనే కెమెరా ముందుకి జరుపుతూ 25 ఫ్రేములు తీశాను, అందులో సగం దాకా ఫ్లాష్ చార్జ్ అవ్వక నల్లగా వచ్చాయి (పవర్ 1/4లో పెట్టాను, అదే తప్పేమో). మిగిలినవి జెరీన్ స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే, దాని పద్ధతుల్లో ఒకటైన డీమ్యాప్‌లో రంగు బాగుంది కానీ మీసాలు శరీరం మీదుగా వెళ్ళేచోట మసక వలయం, ఇంకో పద్ధతి పీమ్యాక్స్‌లో మీసాలు బాగున్నాయి కానీ గ్రెయిన్ (ఇసకలాంటి చుక్కలు) పెరిగింది. రెండూ కలిపి రీటచ్ చేయడమేనా దారి? ఫోకస్ రైల్ (కెమెరాని కొద్దికొద్దిగా ముందుకి జరిపే పట్టా) కొనమని మాత్రం చెప్పకండి, కొమ్మ గాలికి ఊగుతుంటే దాంతో ఏం చేస్తాం. చంపి తీసే ఉద్దేశం అసలు లేదు.