పిల్లలతో సిండ్రెల్లా పాటల సినిమాలు: మీ ఇంట్లో ఏవి నచ్చాయి?

ఫ్రిస్కో_అమ్మ:
మా పాపకి పదకొండేళ్లు. ఈ సెలవుల్లో ‘డిసెండెంట్స్’తో మొదలుపెట్టింది. ఇప్పుడు పాత రాకుమారి కథల్ని హైస్కూల్లోకి తెచ్చి పాటలతో తీసిన సినిమా ఏది కనబడినా వదలట్లేదు. తెలిసిన కథే కదా అని పక్కన కూర్చున్నాను గానీ, చూస్తుంటే నాకూ ఆసక్తి పెరిగింది. గాజు చెప్పు బదులు ఏం పోతుంది? రాకుమారుడు కాక ఆ పిల్లకి ఇంకేమన్నా కావాలా? పాట కథని ముందుకు తీసుకెళ్తోందా, ఊరికే వచ్చి పోతోందా? మీరు చూసినవి, మీ పిల్లలు అడిగినవి రాయండి.

మెహిదీపట్నం_మూవీస్:
హిలరీ డఫ్ నటించిన 2004 నాటి ‘ఎ సిండ్రెల్లా స్టోరీ’ దగ్గర్నుంచి ఆ వరుస మొత్తం చూశానండి. మొదటి దాంట్లో పాటలు వెనకాల వినిపిస్తాయంతే, దాన్ని మ్యూజికల్ అనలేం. డాన్స్ రాత్రి అమ్మాయి వదిలేసి వెళ్లేది సెల్‌ఫోన్. పాటా డాన్సూ కథలో కలిసింది 2008లో సెలీనా గోమెజ్ చేసిన రెండో దాంట్లో. అక్కడ పోయేది పాటల ప్లేయర్. అందులో ఎక్కువసార్లు విన్న పాటలేవో చెప్పిన అమ్మాయే తనతో డాన్స్ చేసిన అమ్మాయని హీరో వెతుకుతాడు. నాకు ఆ మార్పు చాలా నచ్చింది. అదే సైజు చెప్పు ఇంకొకరి కాలికీ పట్టొచ్చు. ఒక పిల్ల ఒంటరిగా ఉన్నప్పుడు ఏ పాట మళ్లీ మళ్లీ వింటుందో మాత్రం ఇంకొకరు చెప్పలేరు. ఆ తర్వాత 2011, 2016, 2019, 2021ల్లో కూడా వచ్చాయి, మొత్తం ఆరు. ఒకదానికొకటి సంబంధం లేని కథలు కాబట్టి ఎక్కడ మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

పాటల_పల్లకి:
ఆ 2011 సినిమా గురించి నేను చెప్పాలి. పేరు ‘వన్స్ అపాన్ ఎ సాంగ్’, హీరోయిన్ లూసీ హేల్. ఈ అమ్మాయి గొంతుని సవతి తల్లి తన కూతురి గొంతుగా చలామణి చేస్తుంది. ఈమె చాటున పాడుతుంటే ఆ అమ్మాయి పెదాలు కదుపుతుంది. మావాడు వెంటనే, “మన సినిమాల్లోనూ అంతేగా, ఇందులో తప్పేముంది?” అన్నాడు. మంచి ప్రశ్న. నేను ఒకప్పుడు కోరస్‌లో పాడేదాన్ని, అందుకే సినిమా ఆపి మరీ చెప్పాను. మన దగ్గర సుశీలమ్మ, జానకమ్మ పాడితే వాళ్ల పేరు తెరమీద పడేది, రేడియోలో చెప్పేవాళ్లు, జనం గొంతు విని గుర్తుపట్టేవాళ్లు. ఈ సినిమాలో పని తీసుకుని పేరు ఎత్తుకుపోయారు. ఇల్లు ఊడ్పించడం కన్నా పెద్ద దోపిడీ అది. ఈ రోజుల్లో సిండ్రెల్లాకి జరగగల అన్యాయం ఇదే అనిపించింది నాకు.

ఒక్కటి మాత్రం నచ్చలేదు. అందులో సవతి తల్లి వెంట గురువుగా తిరిగే రవి అనే పాత్ర ఉంటుంది. వేసినాయన మను నారాయణ్. రెహమాన్ సంగీతంతో 2004లో బ్రాడ్‌వేకి, అంటే న్యూయార్క్ నాటకశాలలకి, వచ్చిన ‘బాంబే డ్రీమ్స్’లో హీరో ఆయనే. అంత బాగా పాడగలిగిన మనిషికి పాటల సినిమాలో గురువు వేషమా అని బాధేసింది.

నల్లకుంట_టీచర్:
ఈ కథ నేను క్లాసులో చెబుతుంటాను. గాజు చెప్పు 1697లో ఫ్రాన్సులో పెరో రాసినదాంట్లోది. 1812లో గ్రిమ్ సోదరులు అచ్చువేసిన జర్మన్ కథలో బంగారు చెప్పులు. చెప్పు పట్టడం కోసం సవతి అక్క కాలి వేలు కోసుకుంటుంది కూడా. చైనాలో యె షియన్ అనే అమ్మాయి కథ వీటన్నిటికంటే ఎంతో ముందుది, తొమ్మిదో శతాబ్దంలోనే రాసిపెట్టారు. కాబట్టి కథ పాడుచేశారని పెద్దవాళ్లు కోప్పడక్కర్లేదు, ఇది మొదట్నుంచీ మారుతున్న కథే.

కమీలా కబెల్లో నటించిన 2021 ‘సిండ్రెల్లా’ చూడండి. అక్కడ సిండ్రెల్లా పేరు ఎల్లా, ఆమెకి బట్టల దుకాణం పెట్టాలని ఉంటుంది. రాకుమారుడు పెళ్లాడతానంటే, మరి నా పని సంగతేంటని వెనక్కి తగ్గుతుంది. అంతకంటే సవతి తల్లి గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇడినా మెంజెల్ వేసింది. ఒకప్పుడు ఆమె పియానో చదువుకని వేరే ఊరు వెళ్లొస్తే మొదటి భర్త వదిలేస్తాడు. ఆ మాట ఆవిడే ఎల్లాకి చెబుతుంది. ఎల్లా తన డిజైన్‌తో కుట్టుకున్న గౌను మీద సిరా పోసిన చేయి కూడా ఆవిడదే. మా ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఆ సీన్ గురించి ఎంతసేపు మాట్లాడుకున్నారో! తనకి దక్కనిది ఇంకొకరికీ దక్కకూడదనుకునే పెద్దవాళ్లు వాళ్లందరికీ తెలుసు.

రెంటన్_నాన్న:
మా ఇంట్లో ‘డిసెండెంట్స్’దే రాజ్యం. 2015లో డిస్నీ చానల్‌కి కెన్నీ ఒర్టెగా తీశారు. పాత కథల్లోని దుష్టుల పిల్లలు నలుగురు, వాళ్లని ఉంచిన దీవి దాటి మంచివాళ్ల బడికి వస్తారు. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ బడిలో చేరిన మా అబ్బాయికి అందులో కార్లోస్ అంటే ప్రాణం. కుక్కపిల్లల తోలు కోసం వెంటపడే క్రూయెల్లా కొడుకు వాడు. కుక్కలు పీక్కుతింటాయని తల్లి చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. కొత్త బడిలో కుక్క వెంటపడితే చెట్టెక్కి కూర్చుంటాడు. రాకుమారుడు బెన్ వచ్చి దాన్ని ఎత్తుకుని చూపిస్తే, అప్పుడు మెల్లగా చేయి చాచి నిమురుతాడు. పాటలు ఎన్నున్నా మావాడు వెనక్కి తిప్పి చూసేది ఆ సీనే.

ఆ పాత్ర వేసిన కామెరాన్ బోయిస్ 2019 జూలైలో మూర్ఛవ్యాధితో చనిపోయాడు. ఇరవై ఏళ్లే. మూడో భాగం ఆగస్టు 2న వచ్చింది. చిన్నపిల్లలతో చూసేవాళ్లు ఈ సంగతి ముందే మీరే చెప్పండి, వాళ్లు నెట్‌లో చూసి తెలుసుకుంటే తట్టుకోవడం కష్టం. మేం చెప్పాక మావాడు చాలాసేపు మాట్లాడలేదు గానీ, ఫిట్స్ వస్తే పక్కనున్నవాళ్లు ఏం చేయాలని అడిగాడు. కూర్చుని నేర్పించాను.

ఫ్రిస్కో_అమ్మ:
రెంటన్_నాన్న గారూ, మంచి మాట చెప్పారు. మేం ఇంకా రెండో భాగంలోనే ఉన్నాం, ఈ రాత్రే చెబుతాను. మగపిల్లాడే సిండ్రెల్లా అయిన సినిమా ఉందట కదా? తమ్ముడు కూడా కూర్చుంటానంటున్నాడు.

సీమ_సినిమా:
రెండున్నాయి అక్కా. 2012లో నికెలోడియన్ అనే పిల్లల చానల్ వాళ్ల ‘రాగ్స్’. అందులో కెరియోకే క్లబ్బులో చాకిరీ చేసే కుర్రాడు, పాప్ స్టార్ అమ్మాయిగా కీకీ పామర్. ఆమే రెండేళ్లకి బ్రాడ్‌వేలో సిండ్రెల్లాగా నిలబడింది, అక్కడ ఆ పాత్ర వేసిన మొదటి నల్లజాతి నటి. రెండోది 2022 నాటి ‘స్నీకరెల్లా’. న్యూయార్క్ క్వీన్స్‌లో, చనిపోయిన తల్లి నడిపిన చెప్పుల షాపులోనే ఎల్ అనే కుర్రాడు సవతి తండ్రి కింద పనిచేస్తుంటాడు. స్నీకర్లు సొంతంగా డిజైన్ చేస్తాడు. మిగతా సినిమాలు చాలావరకు చెప్పు బదులు ఇంకేదో పెడితే, ఇది చెప్పునే ఉంచుకుని అది వాడి చేతి పని అని చూపించింది. నా ఓటు దీనికే. పాటలు హిప్‌హాప్ కాబట్టి తమ్ముడు ఎగురుతాడు.

పాటల_పల్లకి:
2024 ‘డిసెండెంట్స్: ది రైజ్ ఆఫ్ రెడ్’లో సిండ్రెల్లాగా బ్రాండీ, రాజుగా పావొలో మోంటల్బాన్ వేశారు. 1997 టీవీ మ్యూజికల్ ‘సిండ్రెల్లా’లో జంట కూడా వాళ్లే. అది విట్నీ హ్యూస్టన్ దేవతగా పాడిన సినిమా. వీలైతే ముందు అది చూపించండి ఫ్రిస్కో_అమ్మ గారూ, తర్వాత కొత్తది పెడితే పాపే గుర్తుపడుతుంది.

ఫ్రిస్కో_అమ్మ:
అయితే ఈ శనివారం ‘స్నీకరెల్లా’, వచ్చే వారం 1997ది. ‘రాగ్స్’ ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే ఎవరైనా చెప్పండి.