గ్రీన్ టీ మాత్రలు వాడినవాళ్లు ఉన్నారా? మా బావమరిదికి లివర్ టెస్టులో ఎస్‌జీపీటీ అనే ఎంజైము 386 వచ్చింది

సింహపురి_శీను (నెల్లూరు)
మాఘమాసంలో మా బావమరిది పెళ్లి. షేర్వాణీ బొత్తాలు పట్టాలని మూడు నెలల నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించిన గ్రీన్ టీ మాత్రలు వేసుకుంటున్నాడు. పొద్దున జిమ్‌కు పోయే ముందు పరగడుపున రెండు, సాయంత్రం రెండు. వారం నుంచి అన్నం చూస్తే వికారం అంటుంటే గ్యాస్ అనుకున్నాం. ఆదివారం చేపల పులుసు కూడా వద్దన్నాడు. అప్పుడు మా అత్తకు అనుమానం వచ్చి గట్టిగా అడిగితే, మూత్రం డికాషన్ రంగులో వస్తోందని మెల్లగా బయటపెట్టాడు. పొగతోటలో డాక్టరుకు చూపించాం. వైరస్ కామెర్ల టెస్టులన్నీ నెగెటివ్. మందు అలవాటు లేదు. డాక్టరు గారు డబ్బా తెప్పించుకుని చదివి, ముందు ఇది ఆపమన్నారు. మా మామ ఒప్పుకోడు, అంతా జిమ్ వల్లే అంటాడు. టీ ఆకు లివర్‌ను అంత పని చేస్తుందా?

ఒంగోలు_గిత్త
పదేళ్ల నుంచి రోజుకు మూడు కప్పులు తాగుతున్నా. నాకేం కాలేదు. జనాన్ని ఊరికే టెన్షన్ పెట్టకండి.

కావలి_మందులషాపు
కప్పు వేరు, మాత్ర వేరు సామీ. శీనూ, డబ్బా వెనక సన్న అక్షరాల్లో ఏముందో చూసి పెట్టు.

సింహపురి_శీను
ఫోన్‌లో జూమ్ చేస్తే కనపడింది అన్నా. రెండు మాత్రలకు గ్రీన్ టీ సారం 1000 మి.గ్రా., అందులో ఈజీసీజీ 45 శాతం.

కావలి_మందులషాపు
అంటే పూటకు 450, రోజుకు 900 మి.గ్రా. గ్రీన్ టీకి ఆ వగరు ఇచ్చే కాటెచిన్లలో ముఖ్యమైనది ఈ ఈజీసీజీనే. పూర్తి పేరు ఎపిగాలోకాటెచిన్ గాలేట్. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో లెక్కలు తీసింది. మామూలుగా టీ కాచుకుని తాగేవాళ్లకు రోజుకు 90 నుంచి 300 మి.గ్రా. దాకా అందుతుంది. మాత్రల రూపంలో 800, ఆ పైన తీసుకున్నవాళ్లలో లివర్ ఎంజైములు పెరగడం కనపడింది. 2022లో అక్కడ రూలే పెట్టారు: రోజు మోతాదు 800 లోపే ఉండాలి, ఖాళీ కడుపుతో వేసుకోవద్దని డబ్బా మీద రాయాలి. పరగడుపున వేసుకుంటే అది రక్తంలోకి ఎక్కువగా ఎక్కుతుంది. మీవాడు రెండూ చేశాడు. జిమ్‌ను తిట్టి లాభం లేదు.

ఇది అందరికీ రాదు, అది కూడా చెప్పాలి. హెచ్ఎల్ఏ-బి 35:01 అనే జన్యువు ఉన్నవాళ్లలో ఈ రకం లివర్ దెబ్బ ఎక్కువగా చూశారు. కానీ అది మనకుందో లేదో తెలుసుకుని మాత్ర మింగేవాడెవడు? పోనీ బరువైనా బాగా తగ్గుతారా అంటే, పరిశోధనలన్నీ కలిపి చూసినా తగ్గేది లెక్కలోకి రాదు.

ఒంగోలు_గిత్త
అట్టయితే నా మూడు కప్పులు సేఫేగా!

టీచరమ్మ_పొదిలి
సేఫే, కానీ ఎప్పుడు తాగుతున్నారో చూసుకోండి. నేను స్టాఫ్‌రూమ్‌లో క్యారియర్ మూయగానే గ్రీన్ టీ, దాంతోనే ఐరన్ మాత్ర వేసుకునేదాన్ని. ఏడాది మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ 8.6 దాటలేదు. ఆకుకూరల్లో, మాత్రలో ఉండే ఐరన్‌ను టీ పట్టుకుని ఒంటికి అందనీయదట. టీని నాలుగు గంటలకు మార్చా. మాత్ర మార్చలేదు, ఇంకేమీ మార్చలేదు. మూడు నెలలకు 10.9.

కనిగిరి_అబ్బాయి
మా వైపు ఇంకో గొడవ ఉంది. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. మా నాయనకు మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సిందే. టీ చెట్టు కూడా మట్టిలోని ఫ్లోరైడ్‌ను ఆకులోకి లాక్కుంటుంది, చిగురులో తక్కువ, ముదురాకులో ఎక్కువ. చౌక పొడి కొని, బోరు నీళ్లతో కాచి, రోజుకు ఐదారు కప్పులు తాగితే రెండు వైపుల నుంచీ పడుతుంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరే కొద్దీ చిక్కబడుతుంది. ఆర్వో నీళ్లతో పెట్టుకోండి.

కావలి_మందులషాపు
మంచి మాట. బీపీకి నాడొలాల్ వాడేవాళ్లు గ్రీన్ టీ తాగితే ఆ మందు ఒంటికి సరిగా అందదు. బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ ఇంజెక్షన్‌ను ఈజీసీజీ పనిచేయనివ్వదని ల్యాబ్‌లో తేలింది. రక్తం పల్చబడే వార్‌ఫరిన్ వాడేవాళ్లు కూడా డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. మా షాపుకొచ్చే వాళ్లను ఏం వాడుతున్నారంటే మందుల పేర్లన్నీ చెబుతారు, ఈ డబ్బా పేరు మాత్రం చెప్పరు. అది మందు కాదుగా, ఆకేగా అంటారు.

సింహపురి_శీను
ఐదు వారాల తర్వాత అప్‌డేట్. మాత్రలు ఆపడం తప్ప పెద్దగా వైద్యమేం లేదు, వారం వారం రక్తపరీక్షలే. 386 నుంచి 240, తర్వాత 92, నిన్న 51. పులుసు తింటున్నాడు. షేర్వాణీ ఇప్పుడు వదులై టైలర్ దగ్గరుంది. కొత్త తలనొప్పి ఏందంటే, ఇంట్లో తెరవని డబ్బా ఇంకోటి ఉంది. పద్నాలుగు వందలు పెట్టి కొన్నాం, పొట్ట నాకూ ఉందిగా అని మా మామ అడుగుతున్నాడు. అత్త దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

కావలి_మందులషాపు
బీరువాలో ఎందుకు శీనూ, పొద్దున చెత్తబండి రాదా మీ వీధిలోకి?