ఐదు పేజీల వెబ్‌సైటుకు నాలుగేళ్ల హోస్టింగ్ కొనాలా?

అనువాదిని:
నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో ఉంటూ ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. ఇంతకాలం ఏజెన్సీల ద్వారానే పని వచ్చేది. ఇప్పుడు క్లయింట్లను నేరుగా వెతుక్కోవలసి వచ్చింది కనుక, నా పేరుతో ఒక చిన్న వెబ్‌సైటు పెట్టుకోవాలనుకుంటున్నాను. పరిచయం, చేసే పనులు, నమూనా అనువాదాలు, రేట్లు, సంప్రదించే వివరాలు కలిపి ఐదు పేజీలకు మించవు, బ్లాగు రాసే ఉద్దేశమూ లేదు. నెలకు 149 రూపాయలేనన్న ప్రకటన చూసి ఒక హోస్టింగ్ కంపెనీ (సైటు ఫైళ్లను తమ సర్వర్‌లో ఉంచి అందరికీ కనిపించేలా చేసేది) సైటుకు వెళ్తే, 48 నెలలకు ఒకేసారి చెల్లిస్తేనే ఆ ధర వర్తిస్తుందని, డొమైన్ (సైటు చిరునామా) మొదటి ఏడాది మాత్రమే ఉచితమని తేలింది. తెలిసిన డిజైనర్ ఒకరేమో డొమైనూ హోస్టింగూ తన ఖాతాలోనే పెట్టేస్తానని, ఏడాదికోసారి డబ్బిస్తే చాలునని అంటున్నారు. నాకు హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) కొద్దిగా వచ్చు. ఏ దారి మేలో తెలిసినవారు చెప్పగలరు.

సర్వర్ కాపరి:
ముందుగా లెక్క చూద్దాం. నెలకు 149 చొప్పున 48 నెలలకు 7,152 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 8,439 రూపాయలు ఈ రోజే మీ చేతినుంచి వెళ్తాయి. గడువు తీరాక పునరుద్ధరణ ధర ఎంతో అదే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది సాధారణంగా ప్రకటన ధర కంటే చాలా ఎక్కువ. హోస్టింగ్‌ను ప్రకటన ధరతో కాక పునరుద్ధరణ ధరతోనే పోల్చాలి.

అయితే మీ విషయంలో హోస్టింగ్ కంటే డొమైన్ ముఖ్యం. నచ్చని హోస్టింగ్‌ను వదిలేసి ఐదు పేజీలను వేరేచోటికి మార్చుకోవడం ఒక పూట పని, కానీ విజిటింగ్ కార్డు మీద, ఇన్‌వాయిస్‌ల మీద అచ్చయిన డొమైన్ ఇంకొకరి పేరున ఉంటే, వారితో మాట పట్టింపు వచ్చిన రోజున మీకు చేయగలిగింది ఏమీ ఉండదు. నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో నా డొమైన్ ఒక మిత్రుడి ఖాతాలోనే ఉండేది. అతను ఊరు మారి, ఫోన్ నంబరు మార్చి, పునరుద్ధరణ మరిచిపోయాడు. హెచ్చరిక మెయిళ్లన్నీ అతనికే వెళ్లాయి, నాకు మాత్రం సైటు ఆగిపోయాకే తెలిసింది. కాబట్టి డిజైనర్‌కు పని అప్పగించండి, డొమైన్‌ను మాత్రం మీ సొంత ఈమెయిల్‌తో, మీ పేరున రిజిస్ట్రార్ (డొమైన్లు నమోదు చేసే సంస్థ) దగ్గర మీరే కొనండి. హోస్టింగ్‌తో పాటు ఉచితంగా ఇచ్చే డొమైన్‌నూ నేను తీసుకోను, ఎందుకంటే ఆ రెంటినీ విడదీయవలసి వచ్చినప్పుడు ఉచితం అనుకున్నదానికే పేచీ మొదలవుతుంది.

ఇక హోస్టింగ్. మీ పేజీలు ఎవరు చూసినా ఒకేలా కనిపిస్తాయి, డేటాబేసుతో పని లేదు. ఇలాంటి స్టాటిక్ సైటును గిట్‌హబ్ పేజెస్‌లో గానీ క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో గానీ రూపాయి ఖర్చు లేకుండా సొంత డొమైన్‌తోనే నడపవచ్చు, సైటుకు సురక్షిత (https) కనెక్షన్ ఇచ్చే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ కూడా ఉచితంగానే వస్తుంది. గిట్‌హబ్ పేజెస్‌లో సైటు పరిమాణం 1 జీబీకి మించకూడదు, మీది అందులో వందో వంతు కూడా ఉండదు. అక్కడ ఉచిత ఖాతాలో మూల ఫైళ్లు అందరికీ కనిపిస్తాయన్నది మాత్రం గుర్తుంచుకోండి: గోప్యత ఒప్పందం ఉన్న అనువాదాన్ని చిత్తుప్రతిగానైనా అందులో పెట్టకండి. ఇలాంటిదే మరో సేవ వెర్సెల్ ఉచిత ప్లాన్ వ్యక్తిగత, వాణిజ్యేతర వినియోగానికి మాత్రమే కనుక, రేట్లు పెట్టి పని అడిగే సైటుకు అది తగదు.

సీసాక్షరం:
నేను డీటీపీ రంగం నుంచి వచ్చినవాణ్ణి కనుక వేరే కోణం చెబుతాను. మీ నమూనా అనువాదాల్లో పాత పేజ్‌మేకర్ (అచ్చు పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైళ్లు ఉంటే, అవి బహుశా ‘అను’ అనే పేరున్న ఫాంట్లలో ఉంటాయి. అది యూనికోడ్ (అన్ని పరికరాల్లోనూ తెలుగు తెలుగుగానే కనిపించే అక్షర ప్రమాణం) కాదు కనుక యథాతథంగా అతికిస్తే చదివేవారికి అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ సున్నాలూ సరిగ్గా వచ్చాయో లేదో ఒకసారి కంటితో చదవండి, మార్పిడిలో తప్పులు దొర్లడం మామూలే. స్కాన్ చేసిన బొమ్మలుగా పెడితే గూగుల్ సాధారణంగా వాటిని మామూలు పాఠంలా చదవదు.

సర్వర్ ముంబయిలో ఉందా సింగపూర్‌లో ఉందా అని మీరు ఆందోళన పడనక్కరలేదు. సైటు నెమ్మదించేది ఎక్కువగా ఫాంటు వల్ల, బొమ్మల వల్ల. గుణింతాలకూ ఒత్తులకూ విడి రూపాలు కావాలి కనుక తెలుగు ఫాంటు ఫైలు లాటిన్ ఫాంటు కంటే బరువుగా ఉంటుంది. మండలి, నోటో సాన్స్ తెలుగు వంటి వాటిలో ఒక్కదాన్నే ఎంచుకుని, ఒకటి రెండు మందాలతో సరిపెట్టండి.

కొత్త_పాత:
సర్వర్ కాపరి గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. రేట్లు మార్చాలన్న ప్రతిసారీ హెచ్‌టీఎంఎల్ ఫైలు తెరవడానికి బద్ధకించి, రెండేళ్ల నాటి రేట్లను అలాగే వదిలేసినవారిని నేను చూశాను (వారిలో నేనూ ఉన్నాను). అలాంటి స్వభావమైతే షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ను పలువురు పంచుకునేది) వర్డ్‌ప్రెస్ (ఫైళ్లు తెరవకుండానే పేజీలు మార్చుకునే సాఫ్ట్‌వేర్) పెట్టుకోవడం తప్పేమీ కాదు, కాకపోతే ఏడాదికే తీసుకోండి. ప్లగిన్లు (దానికి తగిలించుకునే అదనపు ప్రోగ్రాములు) తగ్గించి, అప్‌డేట్లు మానకుండా చేసి, బ్యాకప్‌ను నెలకోసారి మీ కంప్యూటర్‌లోకి దించుకోండి. 99.9 శాతం అప్‌టైమ్ (సైటు అందుబాటులో ఉండే సమయం) హామీని చూసి మురిసిపోకండి, ఆ లెక్కన కూడా ఏడాదికి ఎనిమిది గంటల ముప్పావు సైటు ఆగిపోవచ్చు.

అనువాదిని:
అందరికీ కృతజ్ఞతలు. డొమైన్ ఈ రోజే నా పేరున డాట్ ఇన్‌లో తీసుకున్నాను. రేట్లు ఏడాదికోసారే మారుస్తాను కనుక స్టాటిక్ దారే నాకు సరిపోతుంది. రెండు సందేహాలు మిగిలాయి: ఆ డొమైన్‌తో ఈమెయిల్ చిరునామా ఎలా వస్తుంది? సంప్రదింపు ఫారం పనిచేస్తుందా?

సర్వర్ కాపరి:
స్టాటిక్ సైటులో సర్వర్ వైపు ప్రోగ్రాము నడవదు కనుక ఫారానికి బయటి సేవ ఒకటి కావాలి. మీకు వచ్చే విచారణలకు ఈమెయిల్ చిరునామా, వాట్సాప్ లింకు చాలు. మెయిల్‌కు హోస్టింగ్‌తో సంబంధం లేదు, డొమైన్ డీఎన్‌ఎస్‌లో (ఆ పేరు ఏ సర్వర్లకు చెందుతుందో చెప్పే పట్టిక) మెయిల్ సర్వర్‌ను సూచించే ఎంఎక్స్ రికార్డు ఎటు చూపిస్తే ఉత్తరాలు అటు వెళ్తాయి. క్లౌడ్‌ఫ్లేర్‌లో ఉచిత ఫార్వర్డింగ్ పెట్టుకుంటే మీ జీమెయిల్‌కు చేరతాయి, కానీ అది అందుకోవడానికే. అదే చిరునామాతో జవాబు పంపాలంటే మెయిల్‌బాక్స్ ప్లాన్ ఒకటి తీసుకుని, వారు ఇచ్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులను (ఉత్తరం నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపేవి) తప్పక చేర్చండి, అవి లేకపోతే మీరు పంపిన కొటేషన్ క్లయింట్ స్పామ్ ఫోల్డర్‌లో పడే అవకాశం ఉంది. డీఎన్‌ఎస్ మార్పులు అన్నిచోట్లా కనిపించడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. రేపు ఉదయం వేరొకరి జీమెయిల్ నుంచి ఒకటి, వేరే సంస్థ మెయిల్ నుంచి ఒకటి పంపి చూడండి. చేరకపోతే ఆ ఎంఎక్స్ రికార్డును ఇక్కడ పెట్టండి, చూస్తాను.