ఒకే ఇంట్లో ఇద్దరికీ టీబీ మాత్రలు, అక్కకే కామెర్లు ఎందుకొచ్చాయి?

ప్రశ్న (తెనాలి నుంచి)

మా అక్కకీ బావకీ ఊపిరితిత్తుల టీబీ. ఇద్దరూ ప్రభుత్వాసుపత్రి మాత్రలే వాడుతున్నారు. బరువును బట్టి బావకి రోజుకు 4, అక్కకి 3. బావ బాగా కోలుకున్నాడు. అక్కకేమో రెండో నెల మొదలయ్యాక అన్నం సయించడం లేదు, పోపు వాసనకే వాంతి. మూత్రం డికాషన్ రంగులోకి తిరిగింది, కళ్లు పచ్చబడ్డాయి. లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ 412, బిలిరుబిన్ 3.1. డాక్టరుగారు మాత్రలన్నీ ఆపించారు. హెపటైటిస్ బి, సి లేవు. అక్క అత్తగారు పక్క ఊళ్లో పసరు పోయిద్దామని పట్టుబడుతున్నారు. తక్కువ మాత్రలు వేసుకున్న మనిషికే ఇలా ఎందుకైంది? ఆపితే టీబీ ముదరదా?

జవాబు (ఫార్మ్ డి, విజయవాడ)

ముందు పసరు సంగతి. వద్దే వద్దు. దెబ్బతిన్న లివర్ మీద అందులో ఏముందో తెలియనిది పోయకండి.

డోసు బరువును బట్టే కాబట్టి అక్కగారికి తక్కువేం పడలేదు. ఒక్కో మాత్రలో ఐసోనియాజిడ్ 75 మి.గ్రా., రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబ్యుటాల్ 275 ఉంటాయి. చివరిది తప్ప మిగతా మూడూ లివర్‌ని ఇబ్బంది పెట్టగలవే.

ఐసోనియాజిడ్‌ని మార్చి బయటికి పంపే పని ఎక్కువగా లివర్‌లోని ఎన్‌ఏటీ2 అనే ఎంజైమ్‌ది. దాని జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. రెండూ మందకొడివైతే మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. మందు విరిగేటప్పుడు అసిటైల్ హైడ్రజీన్ అనే పదార్థం పుడుతుంది. దాన్ని హాని లేకుండా చేయాల్సిందీ ఇదే ఎంజైమ్. చేయలేకపోతే అది పోగుపడి, వేరే ఎంజైమ్ చేతిలో లివర్ కణాలకు విషమవుతుంది. మనవాళ్లలో సగానికి పైగా ఈ నెమ్మది రకమే. జపాన్‌లో పదిమందిలో ఒకరు ఉంటారంతే.

అలాగని నెమ్మది రకం వాళ్లందరికీ కామెర్లు రావు. వయసు, ఒంట్లో పోషణ లేకపోవడం, మద్యం, పాత లివర్ జబ్బు, పక్కనున్న పైరజినమైడ్ అన్నీ లెక్కలోకొస్తాయి. కానీ ‘పథ్యం చేయలేదు, అందుకే’ అని ఆమెను ఎవరైనా అంటే మాత్రం ఊరుకోకండి.

జవాబు (టీబీ సూపర్‌వైజర్, ఖమ్మం)

ఆపడం సరైన పనే బాబూ. లక్షణాలుంటే ఎస్‌జీపీటీ మామూలుకు 3 రెట్లు, లేకపోతే 5 రెట్లు దాటితే ఆపుతారు. ఆమెది పది రెట్లు. రెండు రెట్ల లోపుకు దిగాక మందుల్ని ఒక్కొక్కటిగా, సాధారణంగా రిఫాంపిసిన్‌తో మొదలుపెట్టి, మధ్యమధ్య రక్తపరీక్ష చేస్తూ వెనక్కి తెస్తారు. పైరజినమైడ్ మానేసి కోర్సు పొడిగించడమూ ఉంది. టీబీ తీవ్రంగా ఉంటే ఈలోపు లివర్ జోలికి అంతగా పోని మందులిస్తారు.

నా భయం ఇంట్లో మిగిలిన స్ట్రిప్పుల గురించి. కళ్లు తెల్లబడగానే ఆగలేక అన్ని మాత్రలూ ఒక్కసారే వేసుకున్నవాళ్లను చూశాను. తిరిగి ఇచ్చేయండి. ఆమె మగతగా ఉన్నా, మాట తడబడినా, పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటున్నా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు

పసరు ఆపించాను. జీన్ టెస్టు చేయిస్తే మేలా? నేనూ వాళ్లింట్లోనే ఉంటాను. టీబీ రాకుండా నన్నూ మాత్రలు వాడమన్నారు, అందులోనూ ఐసోనియాజిడ్ ఉందట.

జవాబు (ఫార్మ్ డి, విజయవాడ)

2013లో జపాన్‌వాళ్లు ఒక అధ్యయనం ప్రచురించారు. నెమ్మది రకం వాళ్లలో మామూలు డోసు, అంటే కిలోకు 5 మి.గ్రా. చొప్పున ఐసోనియాజిడ్ తీసుకున్నవాళ్లలో 78 శాతం మందికి లివర్ దెబ్బతింది. జన్యువు చూసి 2.5కి తగ్గించిన వాళ్లలో ఒక్కరికీ కాలేదు. చిన్న అధ్యయనమే, కానీ నాకు చాలా ఆశ కలిగించింది. మనకిచ్చేది కలిపిన మాత్ర కాబట్టి అందులో ఒక్కదాన్నే తగ్గించడం కుదరదు. అక్కగారి విషయంలో ఆ రిపోర్టు కోసం ఆగక్కర్లేదు, రిపోర్టు ఏం చెప్పినా మందులు మళ్లీ మొదలుపెట్టేది ఒక్కొక్కటిగానే.

మీ సంగతే నాకు ముఖ్యంగా తోస్తోంది. ఒకే తల్లిదండ్రుల బిడ్డలు, అదే జన్యువుల జత మీకూ ఉండొచ్చు. మాత్రలు మానేయమనడం లేదు. మొదలుపెట్టే ముందే అక్కకి ఏమైందో డాక్టరుకు చెప్పి లివర్ టెస్టు చేయించుకోండి, నెల తర్వాత మళ్లీ చేయించండి. ఐసోనియాజిడ్ లేకుండా 4 నెలలు రిఫాంపిసిన్ ఒక్కటే వాడే పద్ధతి ఉంది. అది మీకు కుదురుతుందేమో కూడా అడగండి.